రిజెక్ట్ గారి కిటికీ

ముందే చెబుతున్నాను, మధ్యలో నవ్వేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. టీ నేనే పోయిస్తున్నాను కాబట్టి ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది.

బకెట్ల ఫ్యాక్టరీలో నా పని బకెట్లు చెయ్యడం కాదని మీకు తెలుసు. చేసిన బకెట్లను వద్దనడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బకెట్ ఎత్తి లైటు కింద తిప్పుతాను, మూతి చుట్టూ వేలితో రాస్తాను, అడుగున ఒక్కటి కొడతాను, "రిజెక్ట్" అని పక్కన పడేస్తాను. చేసినవాడు ఏడుపు మొహం పెడతాడు. నేను తరువాతి బకెట్ అందుకుంటాను. ఫ్యాక్టరీలో అందరూ నన్ను రిజెక్ట్ గారు అంటారు. ఆ 'గారు' నా ఎదురుగా ఉన్నప్పుడే అంటారని కూడా నాకు తెలుసు.

ఇలాంటి మనిషి ఇంటికి రాగానే కళ్ళు మూసుకుని కూర్చోవాలంటే ఎలా కుదురుతుంది? కాఫీని రిజెక్ట్ చేశాను. మడతపెట్టిన దుప్పట్లను రిజెక్ట్ చేశాను. మా అత్తయ్య గారి దగ్గుని కూడా ఓసారి రిజెక్ట్ చేశాను, అందులో నిజాయితీ లేదని. అన్నిటికంటే ఎక్కువసార్లు రిజెక్ట్ చేసింది మాత్రం మా ఆవిడ పనిని.

మా ఆవిడ రఫూ చేస్తుంది. కోటు కాలినా, ప్యాంటు చిరిగినా, శాలువాని ఎలుక కొరికినా, ఆ చిల్లు మీద పోగు పోగూ అల్లి, అక్కడ చిల్లు ఉండేదన్న సంగతే తెలియకుండా చేస్తుంది. ఆ పనికి ఉన్న పరీక్ష ఒక్కటే, రఫూ ఎక్కడుందో ఎవరికీ కనిపించకూడదు. నేను రోజూ సాయంత్రం ఆమె ముగించిన బట్ట తీసుకుని, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, "ఇదుగో, ఇక్కడ. రిజెక్ట్" అని లేచేవాణ్ణి. చిల్లు ఎక్కడుందో ముందుగా చూసేవాణ్ణి కాదు. చూసి చెప్పడం పరీక్ష ఎలా అవుతుంది? పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా గురి తప్పలేదు. ఆమె మారుమాట్లాడకుండా బట్ట తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయేది. నా కంటి చూపుకి లోలోపల మురిసిపోతోందనుకున్నాను.

ఇక కిటికీ సంగతి. మా ముందుగదిలో నాలుగు అద్దాల కిటికీ ఉంది, పైన రెండు, కింద రెండు. పొద్దున్నే ఎండ సూటిగా లోపలికొస్తుంది. దానికి ఎడమవైపు మా ఆవిడ బల్ల, కుడివైపు మా అత్తయ్య గారి కుర్చీ. ఒకరికి దారం రంగు చూసుకోవడానికి ఆ కిటికీ కావాలి, ఇంకొకరికి వీధిలో ఎవరు ఎవరితో పోతున్నారో చూసుకోవడానికి కావాలి. దానితో ఏ అవసరమూ లేనివాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. పగలగొట్టిందీ నేనే.

కావాలని కాదు. బల్లి మీదికి చెప్పు విసిరాను. బల్లి తప్పుకుంది. ఎడమవైపు కింది అద్దం తప్పుకోలేదు.

"ఏమయిందండీ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఏం లేదు. నాసిరకం అద్దం."

"ఆ చెప్పు ఎవరిది?"

"చెప్పు సంగతి వేరు, అద్దం సంగతి వేరు. రెండూ కలపకు."

చీపురు తెచ్చి గాజు పెంకులు ఊడుస్తూ, "వీధి చివర అద్దాలాయనకి కబురు పెడితే అరగంటలో వచ్చి బిగించి పోతాడు" అంది.

అక్కడే నాకు ఒళ్ళు మండింది. తప్పు చెప్పుదని ఆమె అనలేదు, నాదనీ అనలేదు. కానీ ఊడ్చే తీరులోనే అంతా చెప్పేసింది. "మళ్ళీ గాజేనా?" అన్నాను. "ఒక్క చెప్పు దెబ్బకి తట్టుకోలేని సరుకుని జనం ఇన్ని తరాలుగా గోడల్లో పెట్టుకుంటున్నారంటే వాళ్ళ తెలివికి దండం పెట్టాలి. మా బకెట్‌ని మూడో అంతస్తు మీంచి పడేస్తే చొట్ట కూడా పడదు, తెలుసా?"

"బకెట్లోంచి వీధి కనపడదు కదండీ."

"కనపడే ప్లాస్టిక్కులు బోలెడున్నాయి. గాజుని తలదన్నేవి. అన్నీ తెస్తాను, పక్కపక్కన పెట్టి పరీక్ష చేస్తాను, గెలిచినదాన్ని ఇల్లంతా బిగిస్తాను."

మా అత్తయ్య గారు కుర్చీలోంచి, "చెప్పుని పరీక్ష చేస్తే సరిపోతుందేమో చూడండి, అల్లుడుగారూ" అన్నారు. ఆవిడ మాటలు నేను లెక్కచెయ్యను.

మా ఆవిడ చీపురు గోడకి ఆనించి, చేతులు కడుక్కుని వచ్చి, నా ఎదురుగా కూర్చుంది. ఆమె అలా కూర్చుందంటే వినక తప్పదు.

"ఈ రోజు మంగళవారం. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి జడ్జి గారు కోటు కోసం వస్తారు. సాయంత్రం కోర్టులో ఆయన పటం పెడుతున్నారు. పటంలో ఆయన వేసుకున్నది ఆ కోటే. అది వేసుకునే పటం పక్కన నిలబడాలని ఆయన కోరిక. చుట్ట నిప్పు పడి గోరంత చిల్లు పడింది. పెద్ద టైలరు నా మీద నమ్మకంతో పంపాడు. ఇందులో రవ్వంత తేడా వచ్చినా ఆయన ఇక గుడ్డముక్క కూడా పంపడు. ఆయన పంపకపోతే మిగతావాళ్ళూ పంపరు. నాకు పొద్దుటి వెలుతురు కావాలి."

"వెలుతురుదేముంది, నల్ల కోటుకి నల్ల దారం."

ఆమె తన దారాల పెట్టె తెరిచి నా ముందు పెట్టింది. అందులో తొమ్మిది నల్ల దారాలున్నాయి. "ఇందులో ఏది?" అంది. నా కంటికి తొమ్మిదీ ఒకటే. ఆ మాట ఒప్పుకుంటే నా ఉద్యోగానికే మచ్చ, అందుకని "పెట్టెలో సర్దడం బాగోలేదు, రిజెక్ట్" అన్నాను.

"సరే, పరీక్షలు చేసుకోండి" అంది. "కానీ ఒక ఒప్పందం. శనివారం తొమ్మిదింటిలోగా మీ ప్లాస్టిక్ ఒక్కటైనా మీ చేత పాస్ అనిపించుకుంటే ఇల్లంతా అదే బిగించుకుందాం, నేను నోరెత్తను. లేకపోతే ఈ ఇంట్లో ఆ రిజెక్ట్ అన్న మాట ఇక వినపడకూడదు. నా పని ముట్టుకోకూడదు, దాని గురించి అడగకూడదు, మాట్లాడకూడదు."

నేను ఒప్పుకున్నాను. ఓడిపోయే పందెం ఎవరు కాస్తారు?

బుధవారం నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఫ్యాక్టరీలో ఆ నాలుగు రోజులూ మీరు పండగ చేసుకున్నారని తరువాత విన్నాను, ఆ సంగతి మరోసారి తేల్చుకుందాం.

షీట్ల షాపులో కూర్చున్న మనిషిని చూస్తేనే తెలిసిపోతుంది, జన్మలో ఒక్క బకెట్ కూడా తిరగేసి చూసి ఎరగడని. "గాజుకి బదులుగా ఏముంది నీ దగ్గర?" అన్నాను. ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. అక్రిలిక్ అన్నాడు, వెలుతురు దాటనివ్వడంలో గాజుకి ఏమాత్రం తీసిపోదట. పాలికార్బొనేట్ అన్నాడు, సుత్తితో కొట్టినా పగలదట. పెట్ అన్నాడు, నీళ్ళ సీసాలు చేసే సరుకే పలకలుగా వస్తుందట. చివరికి చాపలా చుట్టిన మెత్తటి వినైల్ షీటు దులిపి పరిచాడు. అది తలుపుకి తెరలాగా వేలాడదీసుకునే సరుకు.

"నాలుగూ కొయ్యి" అని కొలతలు ఇచ్చాను.

కోసి కట్ట కడుతూ, "సార్, బిగించాక గుర్తుంచుకోండి, రెండు వైపులా..." అని మొదలుపెట్టాడు.

"ప్లాస్టిక్ గురించి నాకు చెబుతున్నావా?" అన్నాను.

"కాదు సార్, పైన ఉండే..."

"ఇరవై రెండేళ్ళుగా ప్లాస్టిక్‌తోనే కాపురం చేస్తున్నాను. నువ్వు కట్ట కట్టు చాలు."

వాడు నన్నొకసారి చూసి, నోరు మూసుకుని కట్ట కట్టాడు. అమ్మేవాళ్ళ బుద్ధే అంత, మనకి తెలిసిన సంగతులే మనకి చెప్పి ఘనకార్యం చేసినట్టు మొహం పెడతారు.

పోల్చడమంటే ఏమిటి? నలుగురూ ఒకే ఎండలో నిలబడాలి. కిటికీలో ఖాళీ అయిన గడి ఒక్కటే, నా దగ్గరున్నవి నాలుగు. కాబట్టి బాగున్న మూడు అద్దాలూ ఊడదీశాను. ఒక్కదానికీ గీత పడలేదు. మూడింటినీ జాగ్రత్తగా వెనక గోడకి ఆనించి నిలబెట్టాను.

"బాగున్నవి ఎందుకు పీకారు?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

"శాస్త్రీయంగా చెయ్యాలంటే అంతే."

"ఒక పన్ను పుచ్చిందని పళ్ళన్నీ పీకించుకునే శాస్త్రం ఇప్పుడే చూస్తున్నాను."

వినైల్ తప్ప మిగతా మూడు షీట్లకీ ఒక పక్క కంపెనీ పేరూ బాణం గుర్తులూ అచ్చేసిన పల్చటి కవరు అంటించి ఉంది. ఈ పక్కని ఎండ వైపు పెట్టి కవరు తీసెయ్యాలని దాని మీదే రాసి ఉంది. ఎండ వైపు పెట్టాను, కవరు ఒలిచాను. రాసింది రాసినట్టు చదివి చేసేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఎడమవైపు కింద, మా ఆవిడ బల్ల పక్కన అక్రిలిక్. కుడివైపు కింద, మా అత్తయ్య గారి ఎదురుగా వినైల్. పైన పాలికార్బొనేట్, పెట్. చెక్క బద్దలు కొట్టి బిగించేసరికి మధ్యాహ్నం దాటింది.

గురువారం పొద్దున్న ఎండ వచ్చింది. గదిలోకి నీళ్ళు కలిపిన పాలలాంటి వెలుగు పడింది.

"అల్లుడుగారూ, వీధి కొళాయి దగ్గర అందరికీ రెండేసి తలకాయలున్నాయి" అన్నారు మా అత్తయ్య గారు.

"అది వినైల్ అత్తయ్య గారూ, మెత్తటిది, కాస్త అలలు పడుతుంది."

"ఎదురింటి ఆవిడ వయ్యారంగా నడుస్తోంది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు కదా."

నోటు పుస్తకం తీసి మొదటి తీర్పు రాశాను. 'వినైల్. మనుషుల ఆకారం మార్చును. రిజెక్ట్.' మిగతా మూడూ వంకర లేకుండా ఉన్నాయి కానీ మసక. గాజుకి తీసిపోదన్న అక్రిలిక్ కూడా మసకే. షాపువాడి అబద్ధాలకి అంతులేదని తెలిసింది. ముందు కడిగి చూద్దామని సబ్బునీళ్ళు తెచ్చి, గిన్నెలు తోమే పీచుతో గట్టిగా రుద్దాను. మూడింటి మీదా గీతలే గీతలు. రాశాను, 'రుద్దుడుకి ఆగదు.' గంట తరువాత చూస్తే అంచుల దగ్గర నీళ్ళు చేరి చిన్న చిన్న బొబ్బలు లేచాయి. ఎండ పెరిగేకొద్దీ బొబ్బలు లోపలికి పాకాయి. రాశాను, 'చర్మ వ్యాధి వచ్చును.'

మా అత్తయ్య గారు కళ్ళజోడు సర్దుకుని, "అల్లుడుగారూ, ఆ పైన తొక్కలాగా ఉన్నదేదో..." అన్నారు.

"అమ్మా, నీ టీ చల్లారిపోతోంది" అంది మా ఆవిడ.

అత్తయ్య గారు కూతురి మొహంలోకి చూసి, టీ గ్లాసు అందుకుని, మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ మాట మధ్యలో ఆపడం నేనెరగను. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మా ఆవిడ మాత్రం దారాల పెట్టెని కిటికీ గట్టు మీద, అక్రిలిక్ మూలకి ఆనించి పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పెట్టె అక్కడే, ఆమె మోచెయ్యి దాని మీదే.

"పెట్టె అక్కడెందుకు?" అన్నాను.

"చేతికి అందుతుందని. మీరు రాసుకోండి, నాకోసం ఆగకండి."

అంత మర్యాదగా మాట్లాడితే సంతోషించి వచ్చేశాను.

పగలదన్న పాలికార్బొనేట్ సంగతి చూద్దామని స్టూలెక్కి, సుత్తి తీసుకుని, చెయ్యి వెనక్కి లాగి ఒక్కటి వేశాను. ఆ ఒక్క విషయంలో షాపువాడు నిజమే చెప్పాడు. షీటు పగల్లేదు. సుత్తినే తిప్పికొట్టింది. అది నా చేతిలోంచి జారి, నా భుజం మీదుగా వెనక్కి ఎగిరి, గోడకి ఆనించిన మూడు గాజు పలకల మీద పడింది. మూడింటినీ ఒకే దెబ్బతో తేల్చింది.

మెడ తిప్పి పెంకుల్ని చూశాను.

"గాజు ఎంత నాసిరకమో చూశావా?" అన్నాను, స్టూలు మీదనుంచే.

మా ఆవిడ చీపురు తెచ్చి నా చేతికి ఇచ్చింది. ఈసారి తను ఊడవలేదు.

శుక్రవారం నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఆ మాట మీకు కాబట్టి చెబుతున్నాను. ప్లాస్టిక్ నాలుగూ దండగ, వెనక్కి వెళదామంటే గాజు లేదు, ఆ మసక వెలుతుర్లో ఆమె జడ్జి గారి కోటు మీద వంగి కూర్చుని ఉంది. లోపలి మడతలోంచి తీసిన దారం కొత్తగా ఉందట, పైబట్ట ఎండకి వెలిసిందట, రెంటికీ మధ్య వన్నె పట్టుకోవాలట. తొమ్మిది నలుపుల్లో రెండు నలుపులు కలిపి ఒక పోగు, విడిగా ఒక పోగు. వెలుతురు లేక తప్పు దారం పడితే పద్దెనిమిదేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. పోగొట్టింది నా చెప్పే. తప్పు నాదని అనడానికి నోరు తెరిచాను. పాడు నోరు, అలవాటుగా ఇంకోటి అంది.

"వేడి పరీక్ష ఒక్కటి మిగిలిపోయింది. ఇస్త్రీ పెట్టె ఎక్కడుంది?"

పెట్ షీటులో మిగిలిన ముక్క బల్ల మీద పెట్టి వేడెక్కిన ఇస్త్రీ పెట్టె ఆనించాను. ముక్క వంకర తిరిగి ముడుచుకుంది. దాని మీద పల్చటి పొర ఒకటి లేచి, మరిగిన పాల మీద మీగడలాగా ముడతలు పడి, ఇస్త్రీ పెట్టె అడుక్కి అంటుకుపోయింది. గదంతా కంపు. రాశాను, 'వేడికి తోలు ఊడును.' మళ్ళీ చెబుతున్నాను, ఆ పొర నా కళ్ళముందే ఊడింది, నేనే నా చేత్తో గరిటెతో గోకాను, నేనే పుస్తకంలో రాశాను. అయినా నాకు వెలగలేదు.

"కోటు ఇస్త్రీ చెయ్యాలి కదా" అన్నాను, గోకడం ఆపి.

"చెయ్యాలి" అంది మా ఆవిడ. వంటింట్లోకి వెళ్ళి, చదునైన అడుగున్న గిన్నెలో మరిగే నీళ్ళు పోసుకొచ్చి, తడిగుడ్డ పరిచి, దాని మీద గిన్నెని మెల్లగా నడిపింది. మడత కత్తిలాగా నిలబడింది. నేను గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

శనివారం తొమ్మిదికి అయిదు నిమిషాలుండగానే జడ్జి గారు వచ్చారు. సన్నటి మనిషి, తెల్లటి కనుబొమలు, కుర్చీలో కూర్చున్నా న్యాయపీఠం మీద కూర్చున్నట్టే ఉంటారు. కిటికీ వైపు చూసి, "ఇదేమిటి?" అన్నారు.

ఇలాంటి మనిషి దొరికితే వదులుతానా? పుస్తకం తెరిచి అయిదు తీర్పులూ చదివి వినిపించాను. గాజు, రిజెక్ట్. వినైల్, రిజెక్ట్. అక్రిలిక్ మసక, గీతలు, బొబ్బలు, రిజెక్ట్. పాలికార్బొనేట్ ఎదురుతిరుగును, రిజెక్ట్. పెట్ తోలు ఊడును, రిజెక్ట్. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు.

"అయితే ఏదీ పాస్ కాలేదు" అంది మా ఆవిడ.

"కాలేదు. అంటే ప్లాస్టిక్ గెలవలేదు, గాజూ గెలవలేదు. పందెం కొట్టేద్దాం."

"ముందు కోటు చూడండి" అని కోటు నా చేతికి ఇచ్చింది. తనంతట తానుగా ఇవ్వడం అదే మొదటిసారి.

జడ్జి గారి ముందు నా పనితనం చూపించే అవకాశం. కోటుని కిటికీ పక్కన ఎండ పడేలా పట్టుకున్నాను. తిప్పాను, వంచాను, ఒక కన్ను మూసి చూశాను. దొరికింది. కుడి ఛాతీ మీద, బఠాణీ గింజంత, కాస్త ముదురుగా, అంచు కూడా తెలుస్తోంది. నా మనసు ఒక్క క్షణం చివుక్కుమన్న మాట నిజం. వెలుతురు లేక వన్నె తప్పింది, తప్పించింది నేనే. కానీ అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇదుగో, ఇక్కడ" అని వేలు పెట్టాను. "రిజెక్ట్."

జడ్జి గారు లేచి వచ్చి చూశారు. "నేను కాల్చుకుంది కుడివైపు కాదండీ" అన్నారు.

"మచ్చ కనిపిస్తోంది కదండీ."

"కనిపిస్తోంది" అంది మా ఆవిడ. "కోటుని కాస్త పక్కకి జరపండి."

జరిపాను. కోటు వచ్చింది, మచ్చ రాలేదు. అది గాల్లో ఎక్కడ ఉందో అక్కడే ఉండి, ఈసారి కోటు జేబు మీద పడింది. ఇంకొంచెం జరిపాను. చేతి మీద పడింది. కోటు మొత్తం తీసేశాను. నా చొక్కా మీద పడింది.

మా ఆవిడ తన దారాల పెట్టె పక్కకి తీసింది. పెట్టె వెనక, అక్రిలిక్ మూలలో, అరచెయ్యంత మేర పలక తళతళలాడుతోంది. అసలు అక్కడ ఏమైనా బిగించి ఉందా అని చెయ్యి పెట్టి చూడాల్సినంత తేటగా ఉంది. ఆ తేట అంచున, వెనక్కి మడిచిన పల్చటి పొర ఒకటి వేలాడుతోంది. ఆమె సూది మొనతో దాన్ని ఎత్తి, రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. సర్రున ఊడి వచ్చింది. మసక, గీతలు, నా చొక్కా మీద నీడ పడేసిన బొబ్బలు, నా నాలుగు రోజుల తీర్పులు, అన్నీ ఆ పొరతో పాటే వచ్చి ఆమె చేతిలో వేలాడాయి. గదిలోకి ఎండ ధారగా పడింది.

"రెండు వైపులా ఉంటుందండీ కవరు" అంది. "ఒక వైపు అచ్చేసి, రెండోవైపు అచ్చు లేకుండా."

షాపువాడు మింగిన మాట నాకు అప్పుడు వినపడింది.

జడ్జి గారు నా పుస్తకం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో పేజీ తిప్పారు. "నా ఉద్యోగంలో చాలా తీర్పులు చూశాను" అన్నారు. "ముద్దాయి ముసుగు తియ్యకుండానే, ముసుగు బాగోలేదని ముద్దాయికి శిక్ష వేసిన తీర్పు ఇదే మొదటిది."

మా అత్తయ్య గారు టీ గ్లాసు కింద పెట్టి, "గురువారం నాడే తొక్క అని చెప్పబోయాను, బాబూ" అన్నారు ఆయనతో.

"నీకెప్పుడు తెలుసు?" అన్నాను మా ఆవిడతో.

"మీరు బిగించిన సాయంత్రమే. సూది తగిలితే అంచు లేచింది. ఆ మూల ఒలుచుకుని, మీరు లేనప్పుడు పెట్టె జరిపి ఆ వెలుతురులోనే కుట్టుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తీసేసేవారు. తీసేస్తే పరీక్షలు అయిపోయేవి. అయిపోతే మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చునేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ప్రశాంతంగా చేసుకున్న పని ఈ ఒక్క కోటేనండీ."

ఆ మాట ఆమె కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. నాకు సిగ్గేసింది, ఎటు చూడాలో తెలియలేదు.

జడ్జి గారు కోటు తొడుక్కుని, తేట వెలుతుర్లో ఎడమ ఛాతీ మీద వేలితో తడిమారు. పక్కకి తడిమారు. పైకి తడిమారు. "అమ్మా, నేను కాల్చుకున్న చోటు నాకే దొరకడం లేదు" అన్నారు. నేనూ వంగి చూశాను. ఇరవై రెండేళ్ళ కన్ను పెట్టి చూశాను. లేదు. ఎక్కడా లేదు. ఆయన ఆమెకి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు, పటం పక్కన నిలబడడానికి.

"ఏమంటారు అల్లుడుగారూ?" అన్నారు మా అత్తయ్య గారు.

"పాస్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏది? కిటికీయా, కోటా?" అంది మా ఆవిడ, పొర మడతపెట్టుకుంటూ.

"కోటు. కిటికీ కూడా. అక్రిలిక్ పాస్. అంటే ఒక ప్లాస్టిక్ పాసయింది కాబట్టి పందెం నేనే..."

"తొమ్మిది దాటాక పాసయింది. పైగా తీర్పు రాసి, జడ్జి గారి ముందు చదివారు."

అయినా ఊరుకోలేక, "ఈ ఒక్క కోటు సరే. పద్దెనిమిదేళ్ళుగా నువ్వు చేసిన ప్రతి రఫూ నేను పట్టుకున్నానా లేదా?" అన్నాను.

ఆమె పెట్టె మూత వేసి నా వైపు తిరిగింది. "ఏదో ఒకటి దొరికేదాకా మీరు అక్కణ్ణించి లేవరు. అందుకని రోజూ ఒక పోగు కొస బయటికి వదిలిపెట్టేదాన్ని. మీరు చూసి, ఆ మాట అని, లేచి వెళ్ళాక, సూదితో లోపలికి లాగేసుకునేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగకముందే అయిపోయేది."

నేను కూర్చున్నాను. కూర్చోవడానికి దొరికింది స్టూలే.

"ఆ మాటకొస్తే" అంది లోపలికి వెళుతూ, "మీరు వేసుకున్న ఆ చొక్కాకి మూడు రఫూలున్నాయి. కిందటేడాది నుంచి."

అదండీ సంగతి. అత్తయ్య గారి ఎదురుగా ఉన్న వినైల్ తీసేసి అక్కడ కూడా అక్రిలిక్కే పెట్టాను. పై రెండింటి తొక్కలూ తీశాను. ఇప్పుడు ఎదురింటి ఆవిడ మళ్ళీ కుంటుతూనే నడుస్తోంది. ఇంట్లో రిజెక్ట్ అన్న మాట లేదు, కాఫీ ఎలా ఉన్నా తాగుతున్నాను. కోరిక మరీ ఆగకపోతే ఫ్యాక్టరీకి వచ్చి మీ బకెట్ల మీద తీర్చుకుంటున్నాను, ఆ సంగతి మీకు తెలుసు.

ఈ చొక్కా చూశారు కదా, ఇదే అది. పదకొండు రోజులైంది. రోజూ పొద్దున్నే ఆ కిటికీ ముందు నిలబడి, తిరగేసి, మరగేసి, అద్దం పెట్టి చూస్తున్నాను. మూడు కాదు కదా, ఒక్కటీ దొరకలేదు. అసలు ఉన్నాయో, నన్ను ఆడించడానికి అందో కూడా తెలియడం లేదు. ఆమెని అడుగుదామంటే ఒప్పందం అడ్డమొస్తోంది, ఆమె పని గురించి నేను అడగకూడదు.

మీలో ఎవరికైనా కళ్ళు బాగా కనిపిస్తే, కాస్త ఇటు వెలుగులోకి రండి.